జెల్లీఫిన్‌లో క్విక్ సింక్ పెడితే ప్లేబ్యాక్ ఎర్రర్: గ్రాఫిక్స్ కార్డు కొనాల్సిందేనా?

ప్రశ్న (ఒంగోలు): ఐ5 8500 సెకండ్ హ్యాండ్ మినీ పీసీ, 8 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్. డెబియన్ 12 (లినక్స్) మీద డాకర్‌లో (యాప్‌ని కంటెయినర్ అనే వేరే పెట్టెలో నడిపేది) జెల్లీఫిన్, అదే మన సినిమాలను వేరే టీవీలకు పంపే సర్వర్. సినిమాలన్నీ 4కే హెచ్‌ఈవీసీ 10 బిట్ (కొత్త తరహా వీడియో కుదింపు). కావలిలో నాన్నవాళ్ల పాత టీవీకి హెచ్264 (పాత తరహా కుదింపు) తప్ప ఏదీ ఆడదు. వాళ్లు ప్లే కొట్టగానే సీపీయూ 100 శాతం, బొమ్మ ఆగి ఆగి వస్తోంది. క్విక్ సింక్ (ఇంటెల్ చిప్‌లోని గ్రాఫిక్స్‌తో వీడియో మార్చే పద్ధతి) ఎంచితే అసలుకే ఎర్రర్. ఏంది దారి?

జవాబు 1: కార్డు వద్దన్నా. మీ చిప్‌లోని యూహెచ్‌డీ 630 గ్రాఫిక్స్‌కి హెచ్‌ఈవీసీ 10 బిట్ విప్పడం, హెచ్264గా మళ్లీ చుట్టడం రెండూ వచ్చు. పేరు చివర ఎఫ్ ఉన్న చిప్పులకే ఆ గ్రాఫిక్స్ ఉండవు.

ముందు హోస్ట్‌లో (డాకర్ బయటి అసలు డెబియన్‌లో), డెవ్ కింద డీఆర్ఐ ఫోల్డర్‌లో రెండర్‌డీ128 (గ్రాఫిక్స్‌కి దారి ఇచ్చే ఫైల్) కనపడుతుందా చూడండి. లేదంటే బయోస్‌లో ఆపేసుండొచ్చు. ఉంటే, డాకర్ సెట్టింగ్‌లుండే కంపోజ్ ఫైల్‌లో డివైసెస్ కింద ఆ ఫోల్డర్ ఇవ్వండి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, పర్మిషన్ దగ్గర తన్నేస్తుంది. గ్రాఫిక్స్ వాడే హక్కున్న, హోస్ట్‌లోని రెండర్ గ్రూప్ నంబర్‌ని కంపోజ్‌లోనే గ్రూప్ యాడ్ కింద రాయాలి. పేరు రాస్తే పనిచేయదు, కంటెయినర్ లోపల ఆ పేరుతో గ్రూప్ ఉండదు. అధికారిక ఇమేజ్‌లో డ్రైవర్ ముందే ఉంటుంది.

జెల్లీఫిన్ సెట్టింగ్స్‌లో ఏవీ1 (ఇంకో కొత్త వీడియో ఫార్మాట్) టిక్ తీసేయండి, మీ 8వ తరం ఇంటెల్‌కి అది రాదు. లో పవర్ ఎన్‌కోడింగ్ కూడా వదిలేయండి. మీ తరంలో దానికి హెచ్‌యూసీ అనే గ్రాఫిక్స్ ఫర్మ్‌వేర్ లోడ్ చేయించాలి, లేకపోతే ఇదే ఎర్రర్ మళ్లీ. ఎన్100 (కొత్త చిన్న ఇంటెల్ చిప్) వాళ్ల సంగతి వేరు, వాళ్లకు ఉండేదే ఆ దారి.

జవాబు 2: పైదంతా చేశాక ఇంటెల్ జీపీయూ టాప్ (గ్రాఫిక్స్ ఎంత పనిచేస్తోందో చూపే టూల్) పెట్టి సినిమా ఆడించండి. వీడియో వరస కదిలితే పని చిప్‌లోని గ్రాఫిక్స్‌కి పోయినట్టే. సీపీయూ సున్నా కాదు, ఆడియో మార్చేది అదే. హెచ్‌డీఆర్ సినిమాలు వెలిసిపోయినట్టు కనిపిస్తే టోన్ మ్యాపింగ్ (ఆ రంగులను మామూలు టీవీకి సరిపెట్టేది) ఆన్ చేయండి. అప్పుడు ర్యామ్ ఒకే స్టిక్ అయితే ఇబ్బంది: ఈ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. అలాంటిదే ఇంకో 8 జీబీ వేసి డ్యూయల్ ఛానల్ (రెండు స్టిక్‌లూ కలిసి పనిచేసేలా) చేయండి. కార్డుకి పెట్టే డబ్బులో ఇదెంత!

జవాబు 3: ఒక్క మాట. కావలికి పోయేది ఒంగోలు లైన్ అప్‌లోడ్ మీద. యూజర్ సెట్టింగ్స్‌లో బిట్‌రేట్ (సెకనుకు పోయే డేటా) 8 ఎంబీపీఎస్‌కి కట్టేయండి, పాత టీవీకి 1080పీ చాలు. దాచుకునే ఫైళ్లను మాత్రం క్విక్ సింక్‌తో కుదించొద్దు. అదే సైజులో ఎక్స్265 (సీపీయూతో హెచ్‌ఈవీసీ చేసే సాఫ్ట్‌వేర్) స్లో ప్రీసెట్ ఇచ్చినంత బొమ్మ రాదు. రాత్రంతా పట్టినా ఆ పని సీపీయూకే ఇవ్వండి.