వీఆర్‌లో పాసవ్వకుండా పీజీని ల్యాప్ కేసులో చెయ్యి పెట్టనివ్వొచ్చా?

ఓటీ_మూల:
హాస్టల్లో మొదలైన గొడవ ఇది, ఇక్కడ పెడుతున్నా. కొత్తవాళ్ళకు: ల్యాప్ కేసంటే పొట్టకు చిన్న బొక్కలు పెట్టి, కెమెరా దించి తెర చూస్తూ చేసే ఆపరేషన్ (లాపరోస్కోపీ); వీఆర్ అంటే దానికి కంప్యూటర్ తెర మీద చెయ్యి అలవాటు చేయించే వర్చువల్ రియాలిటీ మెషీన్. ఫస్టియర్ పీజీ (స్పెషలైజేషన్ చేస్తున్న జూనియర్ డాక్టర్) వీఆర్ సిమ్యులేటర్ మీద ఇన్ని గంటలని చేశాకే పేషెంట్‌ని ముట్టాలి అంటాను నేను. 2002లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీ వాళ్ళు 16 మంది సర్జరీ రెసిడెంట్లను రెండు జట్లు చేసి ఒక జట్టుకు వీఆర్ ట్రైనింగ్ ఇచ్చి, తర్వాత అందరిచేతా నిజమైన పేషెంట్లలో పిత్తాశయాన్ని కాలేయం నుంచి విడదీయించారు. వీఆర్ జట్టు 29 శాతం త్వరగా ముగించింది. పిత్తాశయానికి దెబ్బ తగలడం, కాల్చకూడని చోట కాల్చడం రెండో జట్టులో అయిదు రెట్లు ఎక్కువ. వెయ్యిమందిని చంపితేగానీ వైద్యుడు కాడన్న సామెతనే ఇంకా పట్టుకుని వేలాడదామా?

పాత_కత్తి:
తమ్ముడూ, పదహారు మందిని చూసి దేశానికంతా రూలా! గట్టు మీద కూర్చుంటే ఈత రాదు. వాపొచ్చి అంతా అతుక్కుపోయిన పిత్తాశయాన్ని ఎంత లాగితే చిరుగుతుందో వేళ్ళకు తెలియాలి, అది తెర చెప్పదు. ఆ యేల్ వాళ్ళు వాడిన మెషీన్‌లో గాల్ బ్లాడర్ బొమ్మ కూడా లేదు, గోళాలూ డబ్బాలే.

ఓటీ_మూల:
సర్, నేననేదీ అదే కదా! ఉత్త గోళాలతోనే అంత తేడా వచ్చింది. చెయ్యి కుడికి కదిపితే లోపల కొన ఎడమకు పోతుంది, పైగా చదునైన తెర చూసి లోతు అంచనా వేయాలి. ఈ తికమక వదిలించుకోవడానికి మత్తులో ఉన్న మనిషి పొట్టే కావాలా?

గైనిక్_సెకండియర్:
ఇద్దరికీ ఒక మాట. మా కాలేజీలో ఆ మెషీన్ ఉంది, గదికి తాళం కూడా ఉంది. ఇన్‌స్పెక్షన్ రోజున దుప్పటి తీస్తారు, సాయంత్రానికి మళ్ళీ కప్పేస్తారు. నేను నేర్చుకున్నది సీనియర్లు ప్లాస్టిక్ డబ్బాకు బొక్కలు పెట్టి, పాత ఫోన్ కెమెరా బిగించి చేసిన బాక్స్ ట్రైనర్ మీద, గ్రాస్పర్‌తో (లోపల పట్టుకోవడానికి వాడే పొడవాటి పరికరం) శనగలు ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి వేస్తూ (సగం కింద పడేవి, అది వేరే కథ).

ఇంకోటి, గంటల రూలు వద్దు. 2009లో వచ్చిన డెన్మార్క్ ట్రయల్‌లో 24 మంది గైనిక్ జూనియర్లను తీసుకుని, వీఆర్ జట్టుచేత నిపుణుల స్థాయి స్కోరు వచ్చేదాకా చేయించారు. తర్వాత ఫెలోపియన్ ట్యూబ్ తీసే ఆపరేషన్ వాళ్ళు 12 నిమిషాల్లో చేస్తే మిగతావాళ్ళకు 24 పట్టింది. గంటలే లెక్కైతే మనవాళ్ళు రిజిస్టర్‌లో సంతకం పెట్టి టీకి పోతారు, తెలియనిదేముంది.

పాత_కత్తి:
తాళం సంగతి నిజమేనమ్మా, మా దగ్గరా అంతే. సరే, స్కోరు చూపిస్తే కెమెరా ఇస్తాను, మీ శనగల డబ్బా మీద తెచ్చుకున్నదైనా సరే. కాటరీ (కాల్చి కోసే పరికరం) మాత్రం నేను పక్కన నిలబడితేనే.

ఓటీ_మూల:
మీరు పక్కన నిలబడతానంటే ఇంకేం కావాలి సర్, మా దగ్గర రాత్రి ఎమర్జెన్సీల్లో ఆ పక్కనుండేది సెకండియర్ పీజీనే.