షవర్ మూలల్లో సిలికాన్ లోపల నల్ల బూజు: కొత్తది వేసేముందు ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. షవర్‌లో గోడ టైల్స్, నేల కలిసే చోట నీళ్ళు దూరకుండా వేసిన సిలికాన్‌లో (రబ్బరులాంటి పూత) నల్ల మచ్చలు వదలడం లేదు. లీటరు నీళ్ళకి 100 మి.లీ. బ్లీచ్ కలిపి, దూది ముంచి మచ్చల మీద పరిచి, పావుగంటకి కడిగితే గ్రౌట్ (టైల్స్ మధ్య సందుల్లో నింపిన సిమెంటు) మీది బూజు పోయింది. సిలికాన్‌ది పోలేదు. గట్టిగా రుద్దినా గుడ్డకి నలుపు అంటడం లేదు, అంటే బూజు లోపలే ఉందన్నమాట. (వెనిగర్ సూచించబోయేవారికి మనవి: బ్లీచ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, పైగా వెనిగర్ సిమెంటు గ్రౌట్‌ను తినేస్తుంది.)

అందుకని పాత సిలికాన్ మొత్తం కోసి తీసేయాలనుకుంటున్నాను. ఈ పని చేసినవాళ్ళు దయచేసి చెప్పండి. బ్లేడుతో గీకాక మిగిలే పల్చటి పొరని ఏంతో వదిలిస్తారు? కొత్త సిలికాన్ పాతదానికి సరిగ్గా అతుక్కోదు. ఆ పొర ఉండిపోతే అంచు లేచి నీళ్ళు మళ్ళీ దూరతాయి. సందులోని చెమ్మ ఆరడానికి ఒక రోజు సరిపోతుందా, రెండు మూడు రోజులు షవర్ వాడకం ఆపాలా?

ఇంకొకటి. స్నానం తర్వాత అరగంట ఎగ్జాస్ట్ ఫ్యాన్ నడిచినా గోడలు తడిగానే ఉంటున్నాయి. తలుపు కింద సందు అసలు లేదు. బయటి గాలి లోపలికి రాకపోతే ఫ్యాన్ తేమని లాగలేదు కదా, ఎంత సందు వదలాలి?