“ప్రమాదం లేదు”, “ప్రమాదం జరిగింది”: రెండు వాక్యాలు, ఒకే మాట

సభ్యులకు నమస్కారం. లార్జ్ హాడ్రాన్ కొలైడర్ తొలి రోజుల గురించి ఒక వ్యాసం నా దగ్గరికి దిద్దడానికి వచ్చింది. జెనీవా దగ్గర, స్విస్, ఫ్రాన్స్ సరిహద్దు కింద, 27 కిలోమీటర్ల గుండ్రటి సొరంగంలో సెర్న్ అనే యూరప్ దేశాల ఉమ్మడి పరిశోధన సంస్థ వాళ్లు పెట్టిన కణ త్వరణ యంత్రం అది. వ్యాసంలో ఈ రెండు వాక్యాలు పక్కపక్కనే ఉన్నాయి: “ఈ యంత్రం వల్ల భూమికి ప్రమాదం లేదని శాస్త్రవేత్తలు తేల్చారు. అది మొదలైన తొమ్మిది రోజులకే ప్రమాదం జరిగింది.”

వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. కానీ చదివితే, శాస్త్రవేత్తల మాట పది రోజులు తిరక్కుండానే అబద్ధమైపోయినట్టు ఉంది. అసలు ఈ రెండింటికీ సంబంధమే లేదు. మొదటిది, కణాలు ఢీకొంటే చిన్న కృష్ణబిలం పుట్టి భూమిని మింగేస్తుందన్న భయం. రెండోది, 2008 సెప్టెంబర్ 19న ఒక విద్యుత్ అతుకు పాడై హీలియం బయటికి తన్నుకురావడం. ఆ రోజు యంత్రంలో కణాల పుంజమే లేదు. అప్పటికి ఒక్కసారి కూడా కణాలను ఢీకొట్టించలేదు.

ఏ వాక్యంలో మాట మార్చమంటారు?

——

రెండో దాంట్లో ఉంచి, మొదటిదాంట్లో మార్చండి. అక్కడ “ముప్పు” చక్కగా సరిపోతుంది. ముప్పు అంటే ఇంకా రానిది, రావచ్చునని జంకేది. “ముప్పు జరిగింది” అని ఎవరూ అనరు. “ముప్పు ఉంది, ముప్పు తప్పింది” అంటారు. గండం కూడా అలాంటిదే కానీ దానికి జాతకం వాసన ఉంది, సైన్సు వ్యాసానికి వద్దు. “అపాయం” ఫర్వాలేదు, కాస్త పుస్తకాల మాటలా ఉంటుంది.

——

మాట మార్చడం సరే. కానీ ఈ పదం కథ తెలిస్తే మార్చబుద్ధి కాదు. సంస్కృతంలో ప్రమాదం అంటే ఆపదా కాదు, యాక్సిడెంటూ కాదు. ఏమరుపాటు. చేయాల్సిన పని మీద ధ్యాస తప్పడం. చదువు ముగించుకుని వెళ్లే శిష్యుడికి తైత్తిరీయోపనిషత్తులో గురువు చెప్పేది “సత్యాన్న ప్రమదితవ్యమ్” అని, అంటే సత్యం విషయంలో ఏమరకు అని. “ప్రమాదో ధీమతామపి” అని మనం మాటవరసకు అనేదాంట్లోనూ అర్థం అదే, ఎంత తెలివైనవాళ్లకైనా పొరపాటు తప్పదని. బుద్ధిమంతులకు కూడా యాక్సిడెంట్లు అవుతాయని కాదు!

తెలుగులోకి వచ్చాక ఈ మాట కారణం నుంచి ఫలితానికి జారింది. ఏమరుపాటు వల్ల జరిగేదాన్ని ప్రమాదం అన్నాం. తర్వాత, జరగబోయేదాన్ని కూడా అదే మాటతో పిలిచాం. అసలు అర్థాన్ని మాత్రం వదిలేశాం. ఆ సెప్టెంబర్‌లో జరిగినదానికి సరిగ్గా నప్పేది వదిలేసిన ఆ అర్థమేనేమోనని నా అనుమానం. యంత్రాల సంగతి తెలిసినవారు ఎవరైనా చెప్పాలి.

——

విద్యుత్ పరికరాల పరీక్షలే నా ఉద్యోగం కాబట్టి ఈ ఘటన మీద వచ్చిన నివేదికలు ఆసక్తిగా చదివాను. మీ అనుమానం చాలావరకు నిజమే.

సొరంగంలో పుంజాన్ని వంచే పెద్ద అయస్కాంతాలే 1232. ఒక్కొక్కటి 15 మీటర్ల పొడవు, 35 టన్నుల బరువు. వాటిని ద్రవ హీలియంతో 1.9 కెల్విన్‌కి, అంటే దాదాపు మైనస్ 271 డిగ్రీలకి చల్లబరుస్తారు. ఆ చలిలో తీగలకు నిరోధం ఉండదు, వేల ఆంపియర్ల కరెంటు వేడి పుట్టకుండా పోతుంది. అయితే ఒక అయస్కాంతం తీగను పక్కదానితో కలిపేచోట టంకం వేసి అతకాలి. ఇలాంటి అతుకులు పది వేలకు పైగా ఉన్నాయి. మంచి అతుకు నిరోధం ఒక నానో ఓమ్‌లో (ఓమ్ నిరోధానికి కొలత, నానో అంటే అందులో వంద కోట్లో వంతు) మూడో వంతు. పాడైన ఆ అతుకుది సుమారు 200 నానో ఓమ్‌లు ఉండవచ్చని తర్వాత అంచనా కట్టారు.

ఇది వినడానికి ఎంత చిన్నదో చూడండి. 8,700 ఆంపియర్ల దగ్గర 200 నానో ఓమ్‌లంటే పుట్టే వేడి 15 వాట్లు. ఒక చిన్న బల్బు. కానీ ఆ చలిలో 15 వాట్లు చాలు. అతుకు వేడెక్కి నిరోధం పెరిగింది, పెరిగినకొద్దీ ఇంకా వేడెక్కింది, చివరికి తెగి ఆర్క్, అంటే ఖాళీలోంచి దూకే విద్యుత్ మెరుపు, వచ్చింది. ఆర్క్ హీలియం గొట్టాన్ని చిల్లు పొడిచింది. ద్రవం ఒక్కసారిగా వాయువైపోతే, ఆ ఒత్తిడిని బయటికి వదలాల్సిన కవాటాలు అంత వేగానికి సరిపోలేదు. టన్నుల బరువున్న అయస్కాంతాలు దిమ్మెల మీంచి కదిలిపోయాయి. మొత్తం ఆరు టన్నుల హీలియం పోయింది. 53 అయస్కాంతాలను పైకి తీసుకొచ్చి బాగుచేయడమో మార్చడమో చేయాల్సి వచ్చింది. యంత్రం మళ్లీ మొదలైంది 2009 నవంబర్‌లో. కరెంటు ఎక్కించేటప్పుడు సొరంగంలోకి మనుషుల్ని రానివ్వరు, కాబట్టి ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ఇక మీరన్న ఏమరుపాటు. ఘటనకు నాలుగు రోజుల ముందు, సెప్టెంబర్ 15న, అదే భాగంలో 7,000 ఆంపియర్లు ఎక్కించి చూశారు. అప్పుడు అక్కడ ఉష్ణోగ్రత డిగ్రీలో వందో వంతుల్లో పెరిగింది. ఆ పెరుగుదల రికార్డుల్లో ఉంది. దాన్ని వెతికి చూసింది మాత్రం ఘటన తర్వాతే. అతుకుల మీద కాపలా కాసే ఏర్పాటు కూడా అప్పట్లో ఒక వోల్టు తేడా వస్తేనే మేల్కొనేది. తర్వాత దాన్ని మిల్లీవోల్టులో మూడో వంతుకి దించారు.

ఇంకో సంగతి. 2007 మార్చిలో ఒత్తిడి పరీక్ష పెడితే, అమెరికాలోని ఫెర్మీల్యాబ్ అనే భౌతికశాస్త్ర ప్రయోగశాల చేసి పంపిన అయస్కాంతం లోపలి ఆధారాలు విరిగిపోయాయి. పొడవునా పడే బలాన్ని డిజైన్‌లో లెక్కలోకి తీసుకోలేదు. తర్వాతి సమీక్షల్లోనూ అది ఎవరి కంటా పడలేదు. ధీమంతులు కానివారెవరు అందులో!

——

పదం పుట్టుక చూసి అర్థం తేలుస్తామంటే నేను ఒప్పుకోను. ఇవాళ తెలుగువాడికి ప్రమాదం అంటే యాక్సిడెంటే, డేంజరే. “ప్రమాదకరమైన మలుపు” అంటే ఏమరుపాటు కలిగించే మలుపు అని ఎవరైనా అనుకుంటారా? డాక్టరు “ప్రాణానికి ప్రమాదం లేదు” అంటే ఇంట్లోవాళ్ల టెన్షన్ తగ్గుతుంది, నిఘంటువు తీయరు. వాక్యం చుట్టూ ఉన్న మాటలే అర్థాన్ని పట్టిస్తాయి, “లేదు” వస్తే ఒకటి, “జరిగింది” వస్తే ఇంకొకటి. అన్ని భాషల్లోనూ పదాలు ఇలా పెరుగుతూనే ఉంటాయి.

వ్యాసంలో చిక్కు ఆ రెండు వాక్యాలూ ఆనుకుని ఉండటం వల్ల వచ్చింది. మధ్యలో ఒక పేరా పెడితే పోతుంది.

——

పేరా పెడితే సగమే పోతుందండీ. భయం కూడా ఊరికే కొట్టిపారేసేది కాదు, దానికీ ఒక చరిత్ర ఉంది. అది చెప్పకుండా “ముప్పు లేదు” అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నమ్మనివాడు నమ్మడు.

2008 మార్చిలో అమెరికాలోని హవాయిలో ఇద్దరు కోర్టుకెక్కారు, యంత్రాన్ని ఆపించమని. కేసు కొట్టేశారు. సెర్న్ వాళ్లు 2003లో ఒక భద్రతా నివేదిక ఇచ్చారు, 2008లో దాన్ని కొత్తగా పరిశీలించి ఇంకొకటి ఇచ్చారు. వాదన సూటిగా ఉంటుంది: అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు ఈ యంత్రం ఇవ్వగలిగినదానికంటే ఎక్కువ శక్తితో భూమి వాతావరణాన్ని కోట్ల ఏళ్లుగా ఢీకొంటూనే ఉన్నాయి. భూమి ఇంకా ఉంది.

దీనికి ఒక మంచి ఎదురు ప్రశ్న వచ్చింది. కాస్మిక్ కిరణాల వల్ల ఏదైనా పుడితే అది మహా వేగంతో భూమిలోంచి దూసుకుపోతుంది. యంత్రంలో రెండు పుంజాలు ఎదురెదురుగా వచ్చి గుద్దుకుంటాయి కాబట్టి పుట్టినది నెమ్మదిగా ఉండి ఇక్కడే మిగిలిపోవచ్చు కదా? ఈ ప్రశ్నను పక్కన పెట్టకుండా స్టీవెన్ గిడింగ్స్, మికెలాంజెలో మంగానో అనే భౌతిక శాస్త్రవేత్తలు 2008లో లెక్క కట్టారు. తెల్ల మరుగుజ్జు నక్షత్రాలు, న్యూట్రాన్ నక్షత్రాలు ఎంత చిక్కగా ఉంటాయంటే అంత వేగంతో వచ్చినదాన్ని కూడా ఆపేస్తాయి. అలాంటి బిలాలు మింగేవే అయితే ఆ నక్షత్రాలు ఈపాటికి మిగిలి ఉండకూడదు. అవి కోట్ల ఏళ్లుగా అలాగే ఉన్నాయి. నాకు ఈ మొత్తం గొడవలో అన్నిటికంటే నచ్చిన జవాబు ఇది, ఎందుకంటే అవతలివాడి ప్రశ్నను దాని బలం తగ్గించకుండా తీసుకుంది.

కాబట్టి “ముప్పు లేదు” అనే బదులు “ముప్పు ఉంటే ఆ నక్షత్రాలే ముందు పోయి ఉండేవి” అని రాయండి. తెలుగులో ఇలా చెబితే ఎవరికైనా ఎక్కుతుంది.

——

ముప్పు సరే. రెండో వాక్యం సంగతి ఎవరూ తేల్చలేదు. వ్యాసం కింది భాగంలో “ప్రమాదవశాత్తు హీలియం లీకైంది” అని కూడా ఉందనుకుంటాను, ఇలాంటి వ్యాసాల్లో ఉంటుంది. అది మాత్రం తీసేయండి. ప్రమాదవశాత్తు అంటే అక్షరాలా “ఏమరుపాటు వల్ల” అని. మనం వాడేది పూర్తిగా తిరగేసి, ఎవరి తప్పూ లేకుండా, అనుకోకుండా అని. తప్పు మోపడానికి పుట్టిన మాట తప్పు తుడిచే మాటయింది. చూడని రికార్డు, వోల్టు దాకా మేల్కొనని కాపలా, సరిపోని కవాటాలు, ఇన్ని కారణాలు తేలాక ఆ మాట ఎలా నిలుస్తుంది? “అతుకు లోపం వల్ల హీలియం లీకైంది” అంటే చాలు.

“పరాకు” కూడా ఇలాగే రెండు వైపులా తిరిగే మాట. పరాకుగా ఉన్నాడంటే ధ్యాస లేనివాడు. కొలువులో “బహుపరాక్” అంటే ధ్యాస పెట్టమని. అది వేరే చర్చ, ఇంకోసారి.

——

అవును, ఆ మాట ఉంది, తీసేశాను. మొదటి వాక్యంలో “ముప్పు” వేసి నక్షత్రాల సంగతి రెండు వాక్యాల్లో కలిపాను. రెండోదాంట్లో “ప్రమాదం జరిగింది” అలాగే ఉంచాను. పాత అర్థం తెలిసినవాడు ఆ అర్థంలో చదువుకుంటాడు, తెలియనివాడికి ఇవాళ్టి అర్థం ఎలాగూ ఉంది.

——

2016 ఏప్రిల్‌లో ముంగిసలా ఉండే మార్టెన్ అనే జంతువు 66 వేల వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి ఎక్కితే ఇదే యంత్రం కొన్నాళ్లు ఆగిపోయింది. దాని గురించి రాసినప్పుడు “ప్రమాదవశాత్తు” వాడుకోవచ్చా? ఏమరుపాటు ఆ జంతువుది కాబట్టి పాత అర్థంలోనూ చెల్లుతుంది, కొత్త అర్థంలోనూ చెల్లుతుంది.