బెంగళూరు ఐసీయూలో ఆర్‌టీగా (రెస్పిరేటరీ థెరపిస్టుగా) చేరుతున్నా, బూట్ల గురించి చిన్న సందేహం

పెనుకొండ పిల్ల:
అందరికీ నమస్కారం. బీఎస్సీ రెస్పిరేటరీ థెరపీ, ఇంటర్న్‌షిప్ రెండూ అయిపోయాయి. వచ్చే సోమవారం బెంగళూరులో ఒక పెద్ద ఆస్పత్రి ఐసీయూలో చేరాలి. ఇంటర్న్‌షిప్ చేసిన చోట వెంటిలేటర్లు ఆరే. ఇక్కడ ఒక్క అంతస్తులోనే ముప్పై అట. అడగాల్సింది చిన్నదే: స్టెతస్కోపు సొంతంగా కొనుక్కోవాలా? 12 గంటల డ్యూటీకి ఎలాంటి బూట్లు మంచివి?

హొసూరు రోడ్డు అన్న:
బూట్ల సంగతి ఎవరైనా చెప్తారు చెల్లీ. ముందు షిఫ్టులో మొదటి అరగంట గురించి విను.

హ్యాండోవర్ (ముందు షిఫ్టువాళ్ళ అప్పగింత) డ్యూటీ రూములో కూర్చుని తీసుకోవద్దు, మంచం పక్కనే తీసుకో. శ్వాసనాళంలోకి వేసిన ట్యూబు సైజు ఎంత, పెదవి దగ్గర ఎన్ని సెంటీమీటర్ల గుర్తు మీద కట్టారు అన్నది నీ కళ్ళతో చూసుకో. మామూలుగా మగవాళ్ళకు 22-23, ఆడవాళ్ళకు 20-21 దగ్గర ఉంటుంది. రాత్రి 22 అని రాసి ఉండి పొద్దున 25 కనిపిస్తే, ట్యూబు కుడి ఊపిరితిత్తిలోకి జారి ఉండొచ్చు. ఎడమ పక్కన గాలి చప్పుడు తగ్గిందేమో విను, డాక్టరుకు చెప్పు.

ఆంబు బ్యాగు (చేత్తో నొక్కి ఊపిరి ఇచ్చే సంచి) గోడకు వేలాడుతోందని ఊరుకోవద్దు. అరచేత్తో దాని నోరు మూసి నొక్కి చూడు. కడిగి తిరిగి బిగించేటప్పుడు వాల్వు తిరగబెట్టినవి తగులుతుంటాయి. మాస్కు, పీప్ వాల్వు (ఊపిరి వదిలాక కూడా లోపల కొంత ఒత్తిడి నిలిపేది) కూడా అక్కడే ఉండాలి.

సక్షన్ (కఫం లాగే మెషీన్) గేజీని గొట్టం మడిచి పట్టుకుని చూడాలి. పెద్దవాళ్ళకు 80 నుంచి 150 ఎంఎంహెచ్‌జీ చాలు. మడవకుండా చూస్తే గేజీ తక్కువ చూపిస్తుంది, అది చూసి పెంచేస్తారు. లోపల క్యాథెటర్ (కఫం లాగే సన్న గొట్టం) గోడకు అంటుకోగానే ఆ ఒత్తిడంతా శ్వాసనాళం మీదే పడి రక్తం వస్తుంది. క్యాథెటర్ సైజుకు సులువు లెక్క ఉంది: ట్యూబు సైజును 3తో హెచ్చవేసి 2తో భాగించు. 8 నంబరు ట్యూబుకు 12 ఫ్రెంచ్. 7.5కి పదకొండు చిల్లర వస్తుంది, అప్పుడు పెద్దదానికి పోకుండా 10 తీసుకో. ముందు అరనిమిషం నుంచి నిమిషం దాకా 100 శాతం ఆక్సిజన్, లోపల 15 సెకన్లు దాటకూడదు.

సర్క్యూట్‌లో (వెంటిలేటర్ గొట్టాల్లో) నీళ్ళు నిలిస్తే వాటర్ ట్రాప్‌లోకి వంచు. పేషెంటు వైపూ వద్దు, హ్యూమిడిఫయర్‌లోకి (గాలికి తేమ పట్టించే పరికరం) వెనక్కీ వద్దు.

యలహంక అక్క:
అన్న కఫ్ (ట్యూబు చివర ఉబ్బే బెలూన్) ప్రెషర్ మర్చిపోయాడు. 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి మధ్య ఉంచాలి, షిఫ్టుకు ఒక్కసారైనా మానోమీటరుతో చూడాలి. 20 కంటే తగ్గితే నోట్లో ఊట కిందికి కారి న్యుమోనియా తెస్తుంది, 30 దాటితే నాళం గోడకు రక్తం అందక పుండు పడుతుంది. వేళ్ళతో పైలట్ బెలూన్ (కఫ్‌కు గాలి పోసే బయటి బుడ్డి) నొక్కి 'సరిపోయింది' అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ దగ్గర ఇంకేమన్నా నేర్చుకో గానీ ఇది నేర్చుకోవద్దు. ఇంకో సంగతి, మానోమీటరు తగిలించగానే కొంచెం గాలి దాని గొట్టంలోకి పోతుంది. రీడింగ్ రాసుకుని వెళ్ళిపోకుండా 25కి తెచ్చి వదులు.

అలారం మోగితే స్క్రీను కంటే ముందు మనిషిని చూడు. ఛాతీ లేస్తోందా, రంగు మారిందా, శాచురేషన్ పడిపోతోందా? పడిపోతుంటే వెంటిలేటర్ విప్పేసి ఆంబుతో 100 శాతం మీద బ్యాగింగ్ మొదలుపెట్టు, కేక వెయ్యి. బ్యాగు సులువుగా పోతూ మనిషి కుదుటపడితే తప్పు మెషీన్‌ది. బ్యాగు గట్టిగా ఉంటే తప్పు ట్యూబులోనో ఊపిరితిత్తిలోనో ఉన్నట్టు.

మనిషి నిలకడగా ఉండి హై ప్రెషర్ ఒక్కటే మోగుతుంటే ఇన్‌స్పిరేటరీ హోల్డ్ (పీల్చిన చివర గాలిని కాసేపు ఆపడం) పెట్టి ప్లాటో (అప్పటి ఒత్తిడి) చూడు. పీక్ (గాలి వెళ్ళేటప్పటి గరిష్ఠ ఒత్తిడి) పెరిగి ప్లాటో మామూలుగా ఉంటే దారిలో అడ్డం: కఫం, ట్యూబు కొరకడం, మడత, పిల్లికూతలు. రెండూ పెరిగితే ఊపిరితిత్తే బిగిసింది: న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం), నీరు చేరడం, ట్యూబు ఒక పక్కకు జారడం. ఈ తేడా తెలియక ప్రతి దానికీ సక్షన్ వేసేవాళ్ళను చూస్తావు.

టైడల్ వాల్యూమ్ (ఒక్కో ఊపిరికి ఇచ్చే గాలి) లెక్క బరువుతో కాదు, ఎత్తుతో. ఆడవాళ్ళకు 45.5కు, మగవాళ్ళకు 50కి, సెంటీమీటర్లలో ఎత్తులోంచి 152.4 తీసేసి మిగిలినదాన్ని 0.91తో హెచ్చవేసి కలుపు. 152 సెంటీమీటర్ల ఆవిడకు ఎత్తుకు తగ్గ బరువు 45 కిలోలు వస్తుంది. ఏఆర్‌డీఎస్‌లో (ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిని ఆక్సిజన్ పడిపోయే జబ్బు) కిలోకు 6 మిల్లీలీటర్లంటే 270. కేస్ షీటులో 80 కిలోలని చూసి 480 పెడితే కిలోకు పదిన్నర పడినట్టు. అందుకే జేబులో టేపు ఉంచుకో, పడుకోబెట్టే కొలువు.

జయనగర పెద్దాయన:
నెబ్యులైజేషన్ (మందును తుంపరగా పీల్పించడం) గురించి ఒక్కరూ రాయలేదేమి? ఎక్కువ తప్పులు అక్కడే.

సర్క్యూట్‌లో హెచ్‌ఎంఈ (ఊపిరిలోని వేడి, తేమ పట్టి ఉంచే ఫిల్టరు) ఉంటే మందు పెట్టేముందు తీసెయ్యాలి, లేకపోతే మందంతా ఆ స్పాంజీకే. అయిపోయాక తిరిగి పెట్టాలి, ఇది మర్చిపోతే పొడిగాలికి కఫం ట్యూబులో గట్టిపడుతుంది. వేడి హ్యూమిడిఫయర్, హెచ్‌ఎంఈ రెండూ ఒకేసారి పెట్టకూడదు. హెచ్‌ఎంఈ తడిసి ముద్దయి గాలికి అడ్డం పడుతుంది.

జెట్ నెబ్యులైజర్‌కు బయటి ఫ్లోమీటరు నుంచి 6-8 లీటర్లు పెడితే ఆ గాలి కూడా సర్క్యూట్‌లో చేరుతుంది. వాల్యూమ్ ఎక్కువ చూపిస్తుంది, బలహీనంగా ఉన్నవాళ్ళు ట్రిగ్గర్ చేయలేరు (తమ ఊపిరితో మెషీన్‌ను మొదలుపెట్టించలేరు). మెష్ నెబ్యులైజర్‌తో ఈ బాధ లేదు. ఎక్స్‌పిరేటరీ ఫిల్టరు మందు పట్టి బిగుసుకుంటే ఊపిరి పూర్తిగా బయటికి రాదు, ఆటోపీప్ (లోపల చిక్కిన గాలి ఒత్తిడి) పెరుగుతుంది. ఆస్తమా అని మందు పెంచుతారు, ఫిల్టరు ఇంకా బిగుసుకుంటుంది. ఫిల్టరు మార్చి చూడమని ఎవరూ అనరు.

ఇక ఏబీజీ (ధమని రక్తంలో వాయువుల పరీక్ష). బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి 760 ఎంఎంహెచ్‌జీ కాదు, 680 దరిదాపు. 21 శాతం ఆక్సిజన్‌తో లెక్క కడితే ఆల్వియోలై (ఊపిరితిత్తి గాలి తిత్తులు) దగ్గర చెన్నైలో 100 వచ్చే చోట ఇక్కడ 83 వస్తుంది. ఇక్కడి ఆరోగ్యవంతుడి పీఏఓటూ (ధమని రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి) 80 లోపు కనిపించినా కంగారు పడొద్దు. పీ/ఎఫ్ రేషియో (పీఏఓటూను ఇచ్చే ఆక్సిజన్ వంతుతో భాగిస్తే వచ్చేది) కూడా సరిచేసి రాయాలి.

హొసూరు రోడ్డు అన్న:
పెద్దాయనా, ఆ చివరి మాటొక్కటి ఒప్పుకోను. 2012 నాటి ఏఆర్‌డీఎస్ బెర్లిన్ నిర్వచనం ప్రకారం 1000 మీటర్లు దాటితేనే సవరణ. మనం దాటలేదు. చెల్లి మొదటి రోజే రేషియోను సరిచేసి రాస్తే రౌండ్స్‌లో అక్షింతలు పడతాయి.

జయనగర పెద్దాయన:
80 మీటర్ల తేడాకు ఫిజిక్స్ మారదు నాయనా.

హొసూరు రోడ్డు అన్న:
ఫిజిక్స్ మారదు, ఆస్పత్రి ప్రొటోకాల్ మారుతుంది. మీరు చెప్పింది అర్థం చేసుకోడానికి సరే, చార్టులో మాత్రం డిపార్ట్‌మెంటు అలవాటే రాయాలి.

యలహంక అక్క:
మీ ఇద్దరి తగువులో ఏబీజీ తీసే పద్ధతే మరిచారు. వెంటిలేటర్ సెట్టింగు మార్చాక 20-30 నిమిషాలు ఆగి తీయి. ముందు అలెన్స్ టెస్ట్ (చేతికి రెండో ధమని నుంచి రక్తం అందుతోందా అని చూడడం). సూది 45 డిగ్రీల వాలులో. బుడగలు వెంటనే బయటికి తోసెయ్యి, బుడగ ఉంటే కార్బన్ డయాక్సైడ్ తగ్గి, పీఏఓటూ గది గాలి వైపు జరుగుతుంది. సీసా హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా వాడే ద్రవం) సిరంజిలో మిగిలితే శాంపిల్ పలచనై కార్బన్ డయాక్సైడ్, బైకార్బ్ రెండూ తక్కువ వస్తాయి. అరగంటలోపు మెషీన్‌లో పెట్టు. గుచ్చిన చోట 5 నిమిషాలు నొక్కాలి, రక్తం పలచబడే మందు మీదుంటే ఇంకా ఎక్కువ సేపు. మెషీన్‌లో ఎఫ్‌ఐఓటూ (ఇచ్చే ఆక్సిజన్ శాతం) నమోదు చేయకుండా ప్రింటు తీస్తే ఆ కాగితం సగం పనికిరాదు.

జయనగర పెద్దాయన:
సక్షన్‌కు ముందు 5 మిల్లీలీటర్ల సెలైన్ వేయడం కూడా చెప్పండి.

యలహంక అక్క:
చెప్పను. ప్రతిసారీ సెలైన్ పోయడం ఇప్పుడు సిఫారసులో లేదు. శాచురేషన్ పడిపోతుంది, కఫం పలచబడదు. కఫం గట్టిపడుతోందంటే హ్యూమిడిఫికేషన్ సరిగ్గా లేదని అర్థం, అది సరిచేయాలి.

మారతహళ్ళి తమ్ముడు:
స్కానుకు తీసుకెళ్ళే పని కూడా ఆర్‌టీ నెత్తినే పడుతుంది అక్కా, సిలిండర్ లెక్క నేర్చుకో. బీ టైపుది నిండుగా ఉంటే 1500 లీటర్లు. గేజీ సగం చూపిస్తే 750. నిమిషానికి 10 లీటర్ల చొప్పున 75 నిమిషాలు. అందులో అరగంట లిఫ్టు కోసం పక్కన పెట్టు. ఎందుకంటే స్కాన్ దగ్గర క్యూ ఉంటుంది, లిఫ్టు రాదు. హై ఫ్లో (ముక్కు గొట్టాలతో ఎక్కువ వేగంగా ఇచ్చే ఆక్సిజన్) మీదున్న వాళ్ళతో ఇంకా జాగ్రత్త. 60 లీటర్ల ఫ్లో, 60 శాతం ఆక్సిజన్ అంటే నిమిషానికి 30 లీటర్ల ఆక్సిజన్ తాగుతుంది, నిండు సిలిండర్ 50 నిమిషాల్లో ఖాళీ. బీ టైపులో పిన్ ఇండెక్స్‌వీ, బుల్‌నోస్‌వీ (రెండు రకాల వాల్వులు) రెండూ ఉంటాయి, నీ రెగ్యులేటర్ దానికి పడుతుందో లేదో వార్డులోనే బిగించి చూసుకో. ఎమ్మారై గదిలోకి మాత్రం ఇనుప సిలిండర్ గడప కూడా దాటకూడదు.

కోరమంగళ బావ:
అందరూ మెషీన్ల గురించే రాస్తున్నారు. కాగితాల గురించి నేను చెప్తా, ఎందుకంటే మన జిల్లా కుర్రాడొకడు ఇందులోనే మునిగాడు.

చేరిన రోజు ఆఫర్ లెటర్లో 'క్రిటికల్ కేర్ టెక్నీషియన్' అని ఉంటే 'పేరేదైతేనేం' అని సంతకం పెట్టేశాడు. నాలుగేళ్ళు వెంటిలేటర్లే చూశాడు. గల్ఫ్‌కు అప్లై చేస్తే వెరిఫికేషన్ కంపెనీ వాళ్ళు నేరుగా ఆస్పత్రికి రాశారు. ఆఫీసు నుంచి టెక్నీషియన్ అనే జవాబు పోయింది. డిగ్రీలో థెరపీ, ఉద్యోగంలో టెక్నీషియన్, ఒకటికొకటి పొసగలేదు. దానికి తోడు మొదటి ఆరు నెలలు కాంట్రాక్టు ఏజెన్సీ జీతం, అవి లెక్కలోకే రాలేదు. ఆపైన మనవాళ్ళ ఇంటిపేరు గోల ఉండనే ఉంది: పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, ఆఫర్ లెటర్లో ఒక్క అక్షరం. ఆఫీసుకు పోతే 'అప్పటి మేనేజర్ వెళ్ళిపోయారు, పాత రికార్డు మార్చలేం' అన్నారు. మూడు నెలలు తిరిగాడు. చివరికి డిపార్ట్‌మెంటు హెడ్ దగ్గర చేసిన పనుల జాబితా లెటర్‌హెడ్ మీద రాయించుకుని, జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు జతచేసి మళ్ళీ పంపాక గానీ కదల్లేదు.

కాబట్టి అమ్మాయీ, సంతకానికి ముందే 'రెస్పిరేటరీ థెరపిస్ట్' అని రాయించుకో, పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే వేయించుకో. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తెచ్చుకో, జెరాక్సులే ఇవ్వు. అలైడ్ హెల్త్ వృత్తులకు 2021లో చట్టం వచ్చింది, రాష్ట్ర కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఎక్కడిదాకా వచ్చిందో కాలేజీలో అడుగుతూ ఉండు.

యలహంక అక్క:
కన్నడ నాలుగు ముక్కలు నేర్చుకో. 'ఉసిరు ఎళ్కొళ్ళి' అంటే ఊపిరి పీల్చండి, 'బిడి' అంటే వదలండి, 'కెమ్మి' అంటే దగ్గండి, 'బాయి తెగీరి' అంటే నోరు తెరవండి. వాళ్ళ 'ఉసిరు' మనకు ఉసురులా వినబడుతుంది, బెదరకు. తమిళం మాట్లాడే పేషెంట్లూ చాలామందే వస్తారు, 'మూచ్చు ఇళుంగ' (ఊపిరి పీల్చండి) కూడా రాసుకో. ట్యూబు తీసేసిన మనిషి చేత గట్టిగా దగ్గించడం ఈ మాటలతోనే అవుతుంది.

పెనుకొండ పిల్ల:
అన్నీ నోటుబుక్కులో రాసుకున్నా, చాలా థాంక్స్. మరి బూట్లు?

మారతహళ్ళి తమ్ముడు:
ముందు భాగం మూసి ఉండేవి, నీళ్ళతో కడిగితే ఆరిపోయేవి, అడుగు జారనివి. గుడ్డ బూట్లు వద్దు, ట్రాప్ నీళ్ళు, సక్షన్ జార్ నీళ్ళు పీల్చుకుంటాయి. కొత్తవి సోమవారమే మొదటిసారి తొడగొద్దు, ఈ వారమంతా ఇంట్లో వేసుకుని తిరుగు. స్టెతస్కోపు సొంతదే కొను, వార్డులోది ఐసొలేషన్ మంచం దగ్గరే ఉండిపోతుంది. పేరు రాసిన టేపు అంటించు.