3డీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్ మాయా నుంచి బ్లెండర్‌కి మారినోళ్లు ఎవరన్నా ఉన్నారా? రిగ్గింగ్ (క్యారెక్టర్‌ని కదిలించేదానికి లోపల బోన్స్, అంటే ఎముకలు, కంట్రోల్స్ కట్టేది) మళ్లీ ఓనమాల నుంచేనా?

అనంతపురం_రిగ్గర్:
అన్నా, హైదరాబాద్ స్టూడియోలో ఏళ్ల తరబడి మాయాలోనే క్యారెక్టర్ రిగ్గింగ్ చేసినా, ఇప్పుడు అనంతపురం వచ్చేసి ఇంట్లోంచే ఫ్రీలాన్స్ చేస్తాండా. కొత్త క్లయింట్ అంతా బ్లెండర్‌లోనే కావాలంటాడు. ఎంతలే అనుకొని తెరిస్తే ఒక్క చెయ్యి రిగ్ చేసేదానికే తల తిరుగుతాంది. కంట్రోల్ విలువలు సున్నా దగ్గరే ఉండాలని ప్రతి కంట్రోల్ పైనా ఆఫ్‌సెట్ గ్రూప్ పెట్టేది నా అలవాటు, ఇక్కడ అది యాడ పెట్టేది? ఐకే (చివర లాగితే మిగతా చెయ్యి దానంతట అదే వంగేది) పెట్టి, మోచెయ్యి ఎటు చూడాలో చెప్పే పోల్ ఇస్తే మోచెయ్యి పక్కకి తిరిగిపాయె, చెయ్యి లాగితే నడుం కూడా వస్తాంది. రెడీమేడ్‌గా రిగ్ తయారుచేసే రిగిఫై యాడాన్ వాడేస్తే సరిపోతుందా? మాయా పైథాన్ స్క్రిప్టులు బోలెడు ఉండాయి, పనికొస్తాయా?

బురుజు_కాడ_బోన్స్:
కర్నూలు నుంచి. ఆఫ్‌సెట్ గ్రూపుల సంగతి మర్చిపో ప్పా, ఆ అవసరమే లేదు. ఎడిట్ మోడ్‌లో బోన్ యాడుంటే అదే దాని సున్నా, పోజ్ మోడ్‌లో ఎంత కదిపినా ఆల్ట్ జీ, ఆల్ట్ ఆర్ కొడితే ఆడికే వస్తాది. మాయా జాయింట్ ఒక చుక్క, ఇక్కడ బోన్‌కి తలా తోకా ఉంటాయి, తల నుంచి తోకకి పోయేది ఎప్పుడూ వై యాక్సిసే, మార్చలేవు. మాయాలో ఎక్స్ వైపు చూసి అలవాటైన కళ్లకి మొదట్లో ఇదే పెద్ద తలనొప్పి. నీ మోచేతికి ముందు బోన్ రోల్ (బోన్ తన చుట్టూ తాను ఎంత తిరిగుందో) చూడు, ఎడిట్ మోడ్‌లో షిఫ్ట్ ఎన్ కొట్టి సరిచెయ్యి, తర్వాత కూడా తిరిగుంటే పోల్ యాంగిల్ 90 గానీ మైనస్ 90 గానీ పెట్టి చూడు. నడుం వస్తాందంటే, ఐకే ఎన్ని బోన్లని లాగాలో చెప్పే చైన్ లెంగ్త్ 0లో వదిలేసినావు, అంటే పైదాకా మొత్తం లాగుతాది, 2 పెట్టు. ఐకే టార్గెట్ బోన్‌ని మాత్రం ముంజేతికి పిల్లగా పెట్టొద్దు, సైకిల్ పడతాది, అంటే ఒకదాని మీద ఒకటి ఆధారపడి చిక్కుపడతాయి.

కడప_కీఫ్రేమ్:
స్క్రిప్టుల్లో లెక్కలు, పేర్లు పెట్టే లాజిక్ వరకు పనికొస్తాయి, మాయా కమాండ్లన్నీ తిరగరాయాల్సిందే. ఎడిట్ బోన్స్‌ని ఎడిట్ మోడ్‌లోనే ముట్టుకోగలవు, ఐకే లాంటి కన్‌స్ట్రెయింట్లు పోజ్ బోన్స్ మీద, కాబట్టి స్క్రిప్ట్ మధ్యలో మోడ్ మార్చుకుంటా పోవాల. ఇంకోటి, ట్యుటోరియల్‌లో 32 బోన్ లేయర్లు కనపడితే అది పాతది, బ్లెండర్ 4.0 నుంచి వాటి బదులు బోన్ కలెక్షన్లు.

బురుజు_కాడ_బోన్స్:
రిగిఫై గురించి మర్చిపోయినా. డెడ్‌లైన్ నెత్తిమీదుంటే వాడేయ్, తప్పేం లేదు.

కడప_కీఫ్రేమ్:
నేను ఒప్పుకోనన్నా. యానిమేషన్ షాట్లకైతే సరే, గేమ్ ఇంజిన్‌కి పంపాలంటే ఆ డెఫ్ బోన్ల (మోడల్‌ని నిజంగా వంచేవి) హైరార్కీ సరిచేసుకునేదానికే రోజు పోతాది. పైగా ఈయన అనుభవం ఉన్న రిగ్గర్, ఒక రిగ్ జనరేట్ చేసి లోపల ఏ బోన్ ఏం చేస్తాందో విప్పి చూస్తే చాలు, తనది తనే కట్టుకుంటాడు.

అనంతపురం_రిగ్గర్:
చైన్ లెంగ్త్ 2 పెడితే నడుం ఆగింది అన్నా! రోల్ సరిచేసినాక మోచెయ్యి కూడా దారికొచ్చింది. క్లయింట్‌ది గేమ్ కాదు, యూట్యూబ్ పిల్లల కథలు, కాబట్టి రిగిఫై విప్పి చూస్తా. వేళ్లన్నీ ఒక్క కంట్రోల్‌తో ముడిచేదానికి మాయాలో సెట్ డ్రివెన్ కీ పెట్టేవాణ్ణి, ఇక్కడ?

బురుజు_కాడ_బోన్స్:
డ్రైవర్లు (ఒకదాని విలువతో ఇంకోదాన్ని నడిపేవి). లేదంటే యాక్షన్ కన్‌స్ట్రెయింట్, పిడికిలి పోజ్ ఒక యాక్షన్‌గా చేసి కంట్రోల్‌కి తగిలించు, నీకు అదే తేలిక.