జముకు తోలు చిరిగింది, ఎక్కడ వేయించాలి?

అందరికీ నమస్కారం. మాది పలాస దగ్గర పల్లె. ఈ సంక్రాంతికి రచ్చబండ దగ్గర జముకుల కథ (జముకు అనే తోలు, నరం ఉన్న వాయిద్యం మీటుతూ పాడి చెప్పే కథ) చెప్పాలని నలుగురం అనుకున్నాం. కథ రామాయణం కాదు, మా ఉద్దానం కిడ్నీ జబ్బు, డయాలసిస్‌కి తిరిగే ఇళ్ల గోడు. అప్పట్లో శ్రీకాకుళం నక్సలైటు ఉద్యమ కవి సుబ్బారావు పాణిగ్రాహి ఈ జముకుల కథతోనే గిరిజనుల, రైతుల కష్టం ఊరూరా చెప్పాడు. 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో చనిపోయాడు. అందుకే జముకు అంటేనే మా ఇంట్లో పెద్దవాళ్లకి ఇప్పటికీ టెన్షన్!

చిక్కేమిటంటే, తాత జముకు అటక మీంచి దించితే తోలు చిరిగి ఉంది. నరం కూడా వదులైపోయింది, మీటితే 'గుంయ్' అనాల్సింది 'టక్' అంటోంది. డప్పులు కట్టే ఒకాయన్ని అడిగితే, "డప్పయితే కడతాను గానీ తోలు నడిమి నుంచి నరం లాగే పని నాకు రాదు బాబూ" అన్నాడు.

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇది బాగుచేసేవాళ్లెవరైనా ఉన్నారా? ప్లాస్టిక్ తోలు వేస్తే ఆ మూలుగు వస్తుందా? ఇంకోటి, వంత ఎక్కడ అందుకోవాలో మాకు అస్సలు పట్టుబడట్లేదు. పాత బృందాల్లో పాడినవాళ్లుంటే ఒక్కపూట వచ్చి నేర్పండి. ఛార్జీలు, భోజనం మావే.