మ్యూనిక్ ఒపెరాకు అసలు పెద్ద ఎవరు?

ప్రశ్న (కొత్త స్టూడెంట్):
మ్యూనిక్‌లో ఎం.ఎస్. చేస్తున్నాను. మా నాన్నగారికి ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ జుబిన్ మెహతా అంటే ప్రాణం. "మన బొంబాయి ఆయన అక్కడి ఒపెరాను ఏలాడురా" అంటుంటారు. ఇప్పుడు చూస్తే బవేరియన్ స్టేట్ ఒపెరాకు ఇద్దరి పేర్లు చెబుతున్నారు: సెర్జ్ డోర్నీ, వ్లాదిమిర్ యురోవ్‌స్కీ. అసలు బాస్ ఎవరు? మెహతాది ఏ కుర్చీ?

జవాబు (పదిహేనేళ్ల మ్యూనిక్ వాసి):
తమ్ముడూ, మన పద్య నాటకాల్లో కాంట్రాక్టరు, హార్మోనిస్టు ఉండేవారు కదా, దాదాపు అదే లెక్క. ఇంటెండెంట్ చేతిలో డబ్బు, ఏ నాటకం వేయాలి, ఎవరితో వేయించాలి అన్నవి ఉంటాయి. జనరల్ మ్యూజిక్ డైరెక్టర్‌ది సంగీతం, ఆర్కెస్ట్రా. మెహతాది ఈ రెండో కుర్చీ, 1998 నుంచి 2006 దాకా. అప్పుడు ఇంటెండెంట్ పీటర్ జోనాస్ అనే ఇంగ్లిషాయన. 1994లో హాండెల్ ఒపెరా 'జూలియో చేజరే' (జూలియస్ సీజర్)కి స్టేజీ మీద పెద్ద డైనోసార్‌నే నిలబెట్టించిన ఘటం! ఇప్పుడు ఇంటెండెంట్ డోర్నీ, మ్యూజిక్ డైరెక్టర్ యురోవ్‌స్కీ; ఇద్దరూ 2021లో వచ్చారు.

రెండూ ఒక్కరే చూసిన రోజులూ ఉన్నాయి. 1971 నుంచి సంగీతం చూస్తున్న కండక్టర్ సవాలిష్, 1982లో ఒపెరా మొత్తాన్ని నడిపే డైరెక్టర్ బాధ్యత కూడా నెత్తికెత్తుకుని 1992 దాకా లాగాడు. నన్నడిగితే అది మనిషి చేసే పని కాదు.

జవాబు (బీరు ప్రియుడు):
భవనం కథ వదిలేశారేం? 1818లో కట్టారు, 1823 జనవరిలో తగలబడింది. ఆ చలికి మంటలార్పే నీళ్లే గడ్డకట్టాయి. బీరు మీద అదనపు పన్ను వేసి 1825కల్లా మళ్లీ లేపారు. 1943లో బాంబులకు కూలితే మాత్రం 1963 నవంబరు దాకా తెరవలేదు.

ప్రశ్న వేసినవాడు:
థాంక్స్ అన్నా. మొదటిసారి 'ట్రిస్టాన్ ఉండ్ ఇజోల్డే' ఒపెరాకి వెళ్లనా? వాగ్నర్ అది ఇక్కడే మొదట వేయించాడట కదా.

జవాబు (పదిహేనేళ్ల మ్యూనిక్ వాసి):
అవును, 1865 జూన్ 10న. కానీ కండక్టర్లకు అచ్చిరాని ఒపెరా అది. 1911లో ఫెలిక్స్ మోటల్ దాన్ని నడిపిస్తూ కుప్పకూలి కొద్దిరోజులకే పోయాడు. 1968లో ఇక్కడి మ్యూజిక్ డైరెక్టర్ కైల్‌బెర్త్ కూడా అదే ఒపెరా నడిపిస్తూ పోయాడు. నీకేం భయం లేదులే, కాళ్లనొప్పులు తప్ప. నిలబడి చూసే టికెట్ చవక, కానీ విరామాలతో కలిపి ఐదు గంటల పైమాటే. నేను రెండో అంకానికి బూట్లు విప్పేస్తాను.

ప్రశ్న వేసినవాడు:
అయితే కూర్చునే టికెట్టే కొంటాను. నాన్నకి పీటర్ జోనాస్ సంగతి చెబితే నొచ్చుకుంటారేమో, డైనోసార్ ఒక్కటే చెప్తా.